బ్రేకు మంత్రం

డ్రైవింగు పరీక్షలో బండి నడిపేవాళ్ల పక్క సీట్లో ఒక ఆఫీసరు కూర్చుంటాడు. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నడిపేవాళ్లు చేయవలసిన పని చేయకపోతే ఆయన చేస్తాడు. చేసి, కాగితం మీద ఒక అడ్డగీత గీసి, "వచ్చే నెల రండి" అంటాడు.

ఇరవై ఏళ్లుగా ఆ సీట్లో కూర్చుంటున్న ఈ ఆఫీసరుని ఊళ్లో డ్రైవింగు స్కూళ్ల వాళ్లంతా బ్రేకుగారనే పిలుస్తారు. మొదట్లో అది చాటుగా పెట్టుకున్న పేరు. ఒకసారి ఎవరో నోరు జారి మొహం మీదే అనేశారు. ఆయనకి కోపం రాలేదు సరికదా, మీసం కింద కాస్త నవ్వినట్టు కూడా కనిపించింది. దాంతో పేరు ఖాయమైపోయింది.

ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. సీటు బెల్టు పెట్టుకుంటాడు. తన కాళ్ల దగ్గరి బ్రేకుని రెండుసార్లు నొక్కి చూస్తాడు. అది గట్టిగా తగిలితే కాగితం ఒళ్లో పెట్టుకుని "ఇంక కానివ్వండి" అంటాడు.

కానివ్వండి అనగానే ఎవరూ కానివ్వరు. ముందు దేవుణ్ణి పిలుస్తారు.

ఆయన విన్నన్ని ప్రార్థనలు ఏ గుళ్లో పూజారీ, ఏ చర్చిలో ఫాదరూ, ఏ మసీదులో ఇమామూ విని ఉండరు. పాపం, వాళ్లకి తమ తమ శాఖలకి సంబంధించిన దరఖాస్తులే వస్తాయి. బ్రేకుగారికి అన్ని శాఖలవీ వస్తాయి.

పళ్ల డాక్టరు ఒకాయన తాళం తిప్పబోయే ముందు కళ్లు మూసుకుని ఓంకారం అందుకున్నాడు. అది బొడ్డు దగ్గర బయల్దేరి, ఛాతీ దాటి, ముక్కులోకి వచ్చి, కారు అద్దాల్ని జివ్వుమనిపించింది. బండి స్టార్టయిందనుకుని ఎదురుగా నిలబడ్డవాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఒక టీచరమ్మ నుదురూ, గుండే, రెండు భుజాలూ తాకి, మెడలో సిలువని ముద్దు పెట్టుకుని బయల్దేరింది. బాగానే ఉంది. కానీ ప్రతి మలుపు దగ్గరా అదంతా మళ్లీ మొదట్నించీ చేసింది, స్టీరింగు వదిలేసి. టైర్ల కొట్టాయన అరచేతులు ఎత్తి ఏదో పవిత్ర వాక్యం మనసులో చదువుకుని, తన గుండెల మీద మెల్లగా ఊదుకున్నాడు. తరవాత స్టీరింగు మీద ఊదాడు. గేరు మీద ఊదాడు. చివరికి బ్రేకుగారి వైపు కూడా తిరిగాడు గానీ, ఆ మొహం చూసి ఆగిపోయాడు.

జపమాల మణికట్టుకి చుట్టుకొచ్చిన పెద్దాయనది ఇంకో కథ. ఆ మాల గేరు రాడ్డుకి తగులుకుని, మూడో గేరుకి వెళ్లడానికి ససేమిరా ఒప్పుకోలేదు. పరీక్షంతా రెండో గేరులోనే, భక్తిగా జరిగింది. మౌనవ్రతంలో ఉన్నాయన ఒకడు రోడ్డు గుర్తుల గురించి అడిగిన వాటికి చేతులతో జవాబు చెప్పాడు. ఆ చేతులు దేనికి జవాబో, ఎటు తిరగబోతున్నాడో తెలియక వెనక లారీ వాడు హారను మీదే కూర్చున్నాడు. ఫోనులో ధ్యానం నేర్చుకున్న కుర్రాడు ఎర్ర లైటు దగ్గర "లోపలికీ, బయటికీ" అంటూ శ్వాస లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. పచ్చ లైటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. కుర్రాడు మాత్రం ప్రస్తుత క్షణంలోనే ఉండిపోయాడు.

వీళ్లందరిలో బ్రేకుగారికి బాగా గుర్తుండిపోయింది ఒక సన్నపాటి ఆవిడ. సకల ప్రాణులూ సుఖంగా ఉండాలని మనసారా కోరుకుని గేరు వేసింది. వీధి చివరికి వెళ్లేలోపే, బ్రేకుగారు గనక కాలు నొక్కకపోయి ఉంటే, ఆ సకల ప్రాణుల్లోంచి ఒక పిల్లి తగ్గిపోయేది.

"ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకోండి, నాకేం అభ్యంతరం లేదు," అనేవాడు బ్రేకుగారు. "కానీ వినేది ఆయనైనా, నొక్కేది మాత్రం నేను."

ఆ మాటలో గర్వం ఉందని ఆయనకి తెలియదు. తన నోట్లో వినయమే మాట్లాడుతోందనుకునేవాడు.

ఇంట్లో పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడి ఉండేది. ఆయన భార్యకి దేవుళ్లంటే పక్షపాతం లేదు. ఒకరోజు సామూహిక మంత్ర జపం, ఒకరోజు కీర్తనలు, ఇంకోరోజు కొవ్వొత్తి వెలుగులో మౌనం. ఈ మధ్య మార్కెట్ వెనక మేడ మీద కొత్తగా పెట్టిన ధ్యాన కేంద్రం ఒకటి. దాన్ని నడిపే ఆవిడని అందరూ ధ్యానం మేడమ్ అంటారు. మేడమ్ తెల్లబట్టలు కట్టుకుంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, చెప్పులు వరసలో లేకపోతే మాత్రం గట్టిగా మాట్లాడుతుంది.

బ్రేకుగారి రక్తపోటు చూసి డాక్టరు పెదవి విరిచిన రోజున, భార్య ఆయన్ని ఆ మేడెక్కించింది.

"కళ్లు మూసుకోండి. అన్నీ వదిలేయండి," అంది ధ్యానం మేడమ్. "మనసు ఎటు వెళ్తే అటు వెళ్లనివ్వండి. ఆపకండి."

ఎటు వెళ్తే అటు వెళ్లనివ్వకుండా ఉన్నందుకే నెలనెలా జీతం తీసుకునే మనిషికి ఇది మింగుడుపడలేదు. ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు. గదిలో కొందరు ఊగుతున్నారు, కొందరు తూగుతున్నారు. తన భార్య మాత్రం నిటారుగా కూర్చుని, ఆ తూగేవాళ్లెవరో గుర్తుపెట్టుకోవడానికి తనూ ఒక కన్ను తెరిచే ఉంచింది. ఇద్దరి కళ్లూ కలిశాయి. ఇద్దరూ గబుక్కున మూసేసుకున్నారు.

కాసేపటికి మేడమ్ వచ్చి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "ఈ కాలు ఇంత బిగుసుకుపోయిందేం? ఎక్కడికి వెళ్తోందిది?"

"ఎక్కడికీ వెళ్లకుండా ఆపుతోందండి," అన్నాడు బ్రేకుగారు.

చుట్టుపక్కల వాళ్ల ధ్యానం కిసుక్కుమంది. ఇంటికొచ్చాక భార్య ఒక్కటే అంది: "మిమ్మల్ని బాగుచేయడం మానవమాత్రుల వల్ల కాదు." ఆ తరవాత ఆయన్ని మేడెక్కించే ప్రయత్నం మానుకుని, ఆయన వంతు ధ్యానం కూడా తనే చేసేస్తున్నట్టు రెట్టింపు శ్రద్ధతో వెళ్లడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో వచ్చింది పూలకొట్టావిడ.

ఆవిడ భర్త నడుము పట్టేసి మంచాన పడ్డాడు. పూలు మోసే వ్యాను ఇంటిముందు తుప్పు పడుతోంది. బేరాలు పోతున్నాయి. యాభై దాటిన వయసులో, చీర కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. మొదటిసారి పరీక్షలో నాలుగు రోడ్ల కూడలి దగ్గర అందరికీ దారి ఇచ్చింది. కార్లకి ఇచ్చింది, సైకిళ్లకి ఇచ్చింది, దూరంగా ఇంకా కనిపించని వాటికి కూడా ఇచ్చింది. బ్రేకుగారు ఫెయిల్ చేశాడు. రెండోసారి వెనక్కి వస్తూ ప్లాస్టిక్ స్తంభాన్ని పడగొట్టి, దిగి, దాన్ని నిలబెట్టి, దుమ్ము దులిపి వచ్చింది. అప్పుడూ ఫెయిలే.

మళ్లీ వచ్చిన రోజున పొద్దున్నే బ్రేకుగారి భార్య ధ్యాన శిబిరానికి వెళ్లిపోయింది. ఆయన పాలు తనే కాచుకున్నాడు. ఆఫీసుకి వచ్చిన దగ్గర్నించీ గ్యాసు కట్టేశానా లేదా అని ఒకటే పీకులాట. ఆ చిరాకుతోనే కారెక్కాడు. కారు డ్రైవింగు స్కూలువాళ్లది. స్కూలు యజమాని తనని తాను ప్రిన్సిపాలని చెప్పుకుంటాడు. రూలు ప్రకారం వెనక సీట్లో కూర్చున్నాడు. అదే రూలు ప్రకారం నోరు మూసుకున్నాడు.

పూలకొట్టావిడ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఎంతకీ ఆగవు.

"అయిందా అమ్మా ప్రార్థన?" అన్నాడు బ్రేకుగారు.

"అయిపోవచ్చింది సార్. కాస్త పెద్దది."

"అంతసేపు మొక్కుకుంటే పాసవుతారని ఎవరు చెప్పారు?"

"నా కోసం కాదు సార్. మీ కోసం చేస్తున్నాను."

"నా కోసమా! నాకేమైంది?"

"మీకు మంచి బుద్ధి ప్రసాదించమని," అంది ఆవిడ, కళ్లు తెరవకుండానే.

వెనక సీట్లో ప్రిన్సిపాలుకి దగ్గు వచ్చింది. బ్రేకుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా బుద్ధి సంగతి మీకెందుకమ్మా, మీరు అద్దం చూసుకోండి! నేనేమన్నా కావాలని ఫెయిల్ చేస్తున్నానా?" అని మొదలుపెట్టి, దేవుడికీ గేరుకీ సంబంధం లేదనీ, తనకి బుద్ధి దండిగా ఉందనీ, ఉన్నందువల్లే ఊళ్లో జనం రోడ్ల మీద క్షేమంగా తిరుగుతున్నారనీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పి, "ఇంక కానివ్వండి!" అన్నాడు.

కారు కదిలింది. ఈ వాదన సందట్లో ఆయన తన బ్రేకు నొక్కి చూసుకోలేదు.

ఆవిడ ఆ రోజు బాగానే నడిపింది. కూడలి కూడా దాటింది. నీళ్ల ట్యాంకు దగ్గర రోడ్డు ఎత్తుగా ఉండి, అవతల నిటారుగా దిగుతుంది. దిగువన మార్కెట్. సగం దిగాక ఆవిడ నెమ్మదిగా అంది: "సార్, బ్రేకు పడట్లేదు."

"నొక్కితే పడుతుంది," అని బ్రేకుగారు తనది నొక్కాడు. అది వెన్నముద్దలోకి దిగినట్టు అడుగుదాకా దిగిపోయి, అక్కడే ఉండిపోయింది. రెండు పెడళ్లకీ పోయే బ్రేకు ఆయిల్ ఒకటే. అది పొద్దుట్నించీ స్కూలు ఆవరణలో చుక్కచుక్కగా కారిపోతూనే ఉంది.

ఇరవై ఏళ్లలో మొదటిసారి నొక్కడానికి ఏమీ లేకపోయేసరికి, బ్రేకుగారు నోరు తెరిచాడు. అందులోంచి వచ్చినది ఆయనకే తెలియదు. ఆ సీట్లో కూర్చుని ఇన్నేళ్లూ విన్నవన్నీ, ఎవరెవరివో, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ బయటపడ్డాయి.

"ఓం తండ్రీ! లోపలికీ బయటికీ! దయామయా, దయామయా! సకల ప్రాణులూ! గ్యాసు, గ్యాసు! కట్టానా లేదా! చిట్టీ! చిట్టీ!"

అని ఒకసారి కాదు, ఆ ఏటవాలు పొడుగునా, అదే వరసలో, రాగం తప్పకుండా.

పూలకొట్టావిడ ఆయన వైపు చూడలేదు. గేరు మూడు నుంచి రెండుకి తెచ్చింది. ఇంజను గోలపెట్టింది. రెండు నుంచి ఒకటికి తెచ్చింది. ఇంకా గోలపెట్టింది. ఎడం చేత్తో హ్యాండు బ్రేకుని కొంచెం కొంచెంగా లాగుతూ, చక్రాల్ని రోడ్డు పక్క గట్టుకి రాసుకుంటూ పోనిచ్చి, మార్కెట్ మొదట్లో పరుపులు కుట్టే కొట్టు ముందు ఆరబోసిన దూది మూటలకి మెల్లగా ఆనించి ఆపింది.

బ్రేకుగారి గొంతు మాత్రం ఇంకా సన్నగా "చిట్టీ" అంటోంది.

"అయిందా సార్ ప్రార్థన?" అంది ఆవిడ.

బ్రేకుగారు పక్క కొట్టులోంచి సోడా తెప్పించుకుని తాగాడు. తాగగానే కాగితం తీశాడు. గట్టుకి చక్రం తగిలితే ఫెయిల్. అది రూలు. ఆవిడకీ తెలుసు. "రాయండి సార్, నాకు అలవాటైపోయింది," అని కిటికీలోంచి అటు చూస్తూ కూర్చుంది. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి బండి పరీక్షకి పనికిరాదనీ, అందువల్ల అసలు పరీక్షే జరగలేదనీ రాశాడు.

"అంటే పాసా, ఫెయిలా?"

"రెండూ కాదమ్మా. మళ్లీ రావాలి."

"ప్రాణాలు కాపాడినా మళ్లీ రావాలా?"

"ప్రాణాలు కాపాడటానికి కాగితంలో గడి లేదమ్మా," అన్నాడు బ్రేకుగారు. నిజంగానే వెతికి చూశాడు. లేదు.

ఇంటికి వెళ్లి చూస్తే గ్యాసు కట్టేసే ఉంది. భార్యకి ఏమీ చెప్పలేదు. చెబితే ఆవిడ బెంగపడుతుందని కాదు. తనని ఇంకో మేడ ఎక్కిస్తుందని.

కానీ ప్రిన్సిపాలు చెప్పాడు. ఊరంతా చెప్పాడు. చెప్పక తప్పని పరిస్థితి ఆయనది. స్కూలు కారుకి బ్రేకులు పోయాయన్న వార్త మార్కెట్ నిండా పాకింది, చేరబోయేవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. ఆయన ఒక రాత్రి తల పట్టుకుని కూర్చుని, పొద్దున లేచేసరికి తెలివి తెచ్చుకున్నాడు. బ్రేకులు పోయిన మాట నిజమే. పోయినా ఎవరికీ గోరంత గాయం కాలేదే! ఎందుకు కాలేదు? ఆ సమయంలో కార్లో ఒక మహామంత్రం పలకబడింది. అది ఈ చెవులతో తను విన్నాడు. తమ స్కూల్లో చేరినవాళ్లకి ఆ మంత్రం ఉచితం.

మొదట దాన్ని బ్రేకుగారికి వినిపించింది ఒక బ్యాంకు గుమాస్తా. సీటు బెల్టు పెట్టుకుని, వీపు నిటారుగా చేసి, గంభీరంగా మొదలుపెట్టాడు. "ఓం తండ్రీ... లోపలికీ బయటికీ... దయామయా దయామయా..."

బ్రేకుగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "గ్యాసు గ్యాసు" దగ్గరికి వచ్చేసరికి మొహం కందగడ్డ అయింది.

"ఏంటండీ అది?"

"మంత్రం సార్. బ్రేకు మంత్రం. చాలా పాతదట. అన్ని మతాల సారమూ ఉందట ఇందులో."

"గ్యాసు కూడానా?"

"అది ప్రాణవాయువు సార్," అన్నాడు గుమాస్తా జాలిగా. "'కట్టానా లేదా' అంటే, ఆ ప్రాణవాయువుని నేను బంధించగలిగానా లేదా అని సాధకుడు తనని తాను ప్రశ్నించుకోవడం. బయట బెంచీ మీద ఒక రిటైర్డు లెక్చరరుగారు వివరంగా చెబుతున్నారు. మీరూ ఒకసారి వినండి."

"మరి చిట్టి ఎవరు?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అది శక్తి స్వరూపం సార్. రహస్యనామం. అర్థం అడక్కూడదు."

చిట్టి అంటే ఎవరో బ్రేకుగారికి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్యని అలా పిలిచేవాడు. తరవాత పిల్లలు పుట్టాక, ఆ పేరుతో వాళ్ల ముందు పిలవడానికి మొహమాటపడి, "ఇదిగో" అనడం మొదలుపెట్టాడు. పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయినా "ఇదిగో" మాత్రం ఉండిపోయింది. ఆ పేరు తనకి ఇంకా గుర్తుందని కూడా ఆయనకి ఆ ఏటవాలు మీదే తెలిసింది.

ఆ నెలంతా నరకమే. పళ్లు నూరుకుంటూ ఆయన రోజంతా తన కేకల్నే వినవలసి వచ్చింది. ఒకాయన రాగం తీసి పాడాడు. ఒకామె "గ్యాసు" దగ్గర భక్తితో కళ్లొత్తుకుంది. అన్నిటికన్నా ఒళ్లు మండే విషయం ఏమిటంటే, జనం మునుపటికన్నా బాగా నడుపుతున్నారు. మంత్రం పొడుగ్గా ఉంది, అది ముగిసేసరికి చేతుల వణుకు తగ్గుతోంది. వాళ్లని పాస్ చేయక తప్పేది కాదు. పాసైన ప్రతివాడూ వెళ్లి ఇంకో పదిమందికి చెప్పేవాడు.

ఓపిక పట్టి పట్టి, ఒకరోజు ఆయన వరండాలోకి వచ్చి, బెంచీ మీద కూర్చున్నవాళ్లందరి ముందూ నిలబడ్డాడు.

"మీరు చదువుతున్నది మంత్రం కాదు," అన్నాడు. "అది నేను చావు భయంతో పెట్టిన కేక. అర్థం పర్థం లేదు. గ్యాసంటే మా వంటింట్లో గ్యాసు. ఇక ఆపేయండి."

రిటైర్డు లెక్చరరు మెల్లగా లేచాడు. లేచి, చెప్పులు విడిచాడు.

"అంటే, ఇది మొదట వెలువడింది తమరి నోటి నుంచేనా?" అన్నాడు.

బెంచీ మొత్తం లేచి నిలబడింది.

ఆ రోజు నుంచి ఆయన కారెక్కబోతే తలుపు తీసేవాళ్లు ఎక్కువయ్యారు. ఆయన ఫెయిల్ చేసినా జనం దాన్ని కటాక్షంగా తీసుకుని, నమస్కారం పెట్టి పోతున్నారు. ఫెయిలైనవాళ్ల మొహంలో కనిపించే ఆ చిన్న ద్వేషం లేకపోతే ఈ ఉద్యోగంలో రుచే ఉండదని ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఈ గొడవల మధ్యే పూలకొట్టావిడ మళ్లీ వచ్చింది. బెంచీ మీదివాళ్లు ఆవిడ చుట్టూ మూగారు. "మీరు స్వయంగా విన్నారట కదమ్మా!"

"విన్నాను. చెవులు ఇంకా గింగురుమంటున్నాయి," అని ఆవిడ వచ్చి కార్లో కూర్చుంది.

బ్రేకుగారు తన బ్రేకు నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. ఆవిడ చేతులు జోడిస్తుందేమోనని ఆగాడు. ఆవిడ తాళం తిప్పేసింది.

"ఇవాళ ప్రార్థన లేదా?"

"తీరిక లేదు సార్. బుట్టల్లో పూలు వాడిపోతున్నాయి. మీరు కాస్త తొందరగా కానివ్వండి."

నీళ్ల ట్యాంకు దాటి ఆ ఏటవాలు దిగేటప్పుడు బ్రేకుగారు ఉండబట్టలేక అడిగాడు. "ఆ రోజు మీకు భయమెయ్యలేదా?"

"వేసేదే సార్. మీరు సందివ్వలేదు. ఒకళ్లు అంత గట్టిగా భయపడుతుంటే, రెండోవాళ్లు రోడ్డు చూసుకోవాలి కదా. ఇంట్లో మా ఆయన నడుము నొప్పికీ ఇదే వరస. ఆయన అరుస్తాడు, నేను మందు వెతుకుతాను."

వెనక్కి పెట్టడం అంత బాగా రాలేదు గానీ, స్తంభం పడలేదు. ఊగి, నిలబడింది. అది పూర్తిగా ఆగేదాకా బ్రేకుగారు దాన్నే చూసి, కాగితం మీద సంతకం చేశాడు.

"పాసయ్యారు."

ఆవిడ నమ్మలేనట్టు కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇన్నాళ్లూ మీకు బుద్ధి ఇమ్మని మొక్కుకున్నాను. రోజూ అలవాటైపోయింది. ఇప్పుడిక ఎవరి కోసం చేయను?"

"రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం చేయండి. రేపట్నించి వాళ్లకి అవసరం," అన్నాడు బ్రేకుగారు.

ఆ సాయంత్రం ఆయన కాస్త తేలికపడ్డ మనసుతో ఇంటికి వచ్చాడు. వంటింట్లో భార్య కూరలు తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆయన చొక్కా బొత్తాలు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"...సకల ప్రాణులూ... గ్యాసు గ్యాసు... కట్టానా లేదా..."

"అదెక్కడ దొరికింది నీకు?" అన్నాడు.

"మా ధ్యానం మేడమ్ చెప్పింది. కొత్తగా వచ్చిందట, మహా శక్తివంతమైనదట. ఎవరో యోగి కూర్చున్న బండికి బ్రేకులు పోయి, ప్రాణం పోయే క్షణంలో ఆయన నోట పలికిందట. ఇలాంటివి మీకు చెప్పినా ఎక్కవులెండి." ఆవిడ కత్తిపీట ముందు కళ్లు మూసుకుని చివరిదాకా వచ్చింది. "చిట్టీ... చిట్..."

అక్కడ ఆగింది. ఇన్నాళ్లూ మేడ మీద అందరి గొంతుల్లో కలిసిపోయి పట్టించుకోని మాట, ఒంటరిగా తన వంటింట్లో తన నోట వినబడేసరికి కళ్లు తెరిచింది. మొగుడి వైపు చూసింది. గ్యాసు పొయ్యి వైపు చూసింది. మళ్లీ మొగుడి వైపు చూసింది. చొక్కా సగం విప్పుకుని, దొరికిపోయిన దొంగలా నిలబడి ఉన్నాడు ఆ యోగి.

"ఏమండీ, మీ కారుకి బ్రేకులు పోయాయా?"

ఆయన తలూపాడు.

"ఎప్పుడు?"

"నువ్వు శిబిరానికి వెళ్లిన రోజు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"మేడెక్కిస్తావని..."

తరవాత జరిగినదాంట్లో ధ్యానం పాలు చాలా తక్కువ. ఆవిడ అరిచింది, ఏడ్చింది, ప్రిన్సిపాలుని పేరు పెట్టి కాకపోయినా మిగతా అన్నీ పెట్టి తిట్టింది, బ్రేకు చూసుకోకుండా ఎక్కినందుకు మొగుణ్ణి అంతకన్నా ఎక్కువ తిట్టింది. ముక్కు చీదుకుని, కొత్త కోపం ఒకటి పట్టుకుంది.

"ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా 'ఇదిగో', 'అదిగో'! ఆ పేరు పిలవడానికి మీకు బ్రేకులు పోవాల్సి వచ్చిందా? పోనీ నెమ్మదిగా పిలిచారా? ఊరంతా నన్ను జపం చేస్తోంది! పళ్ల డాక్టరు కూడా చేస్తున్నాడు!"

"వాళ్లు నిన్నేదో శక్తి స్వరూపం అనుకుంటున్నారు," అన్నాడు ఆయన సర్దిచెప్పబోయి.

"అనుకోవడమేంటి?" అంది ఆవిడ. అని, కూరలు పొయ్యి మీద పడేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన రెండుసార్లు నోరు తెరిచి ఆ పేరు పిలవబోయాడు. రెండుసార్లూ "ఇదిగో, ఉప్పు" అనే వచ్చింది.

మంత్రం ఇంకా కొన్నాళ్లు బతికింది. తరవాత ప్రిన్సిపాలు కొత్త కారు కొన్నాడు. కొత్త కారుకి కొత్త మంత్రం కావాలన్నాడు. ఈసారి ఫోనులోంచి సముద్రపు హోరు వినిపించే పద్ధతి ఒకటి పట్టుకొచ్చాడు. బెంచీ మీదివాళ్లు చెవుల్లో వైర్లు పెట్టుకుని అలలు వింటూ, తమ నంబరు పిలిచినా వినిపించుకోకుండా కూర్చుంటున్నారు. రిటైర్డు లెక్చరరు అలలకి కూడా అర్థం చెబుతున్నాడట. బ్రేకుగారి నోటి నుంచి ఇంకేమైనా వెలువడుతుందేమోనని కొందరు ఆశగా చూశారు గానీ, "వచ్చే నెల రండి" తప్ప ఏమీ వెలువడకపోయేసరికి విసుగెత్తి మానేశారు. ఫెయిలైనవాళ్ల మొహాల్లోకి ఆ చిన్న ద్వేషం తిరిగి వచ్చింది. ఆయనకి ఆకలి కూడా బాగా వేస్తోంది.

మేడ మీద ధ్యాన కేంద్రంలో మాత్రం ఆ మంత్రం పోలేదు. ఒకసారి పట్టుకున్నదాన్ని వదలడం ధ్యానం మేడమ్‌కి చేతకాదు, అందరినీ వదిలేయమని చెబుతుంది గానీ. వాన పడుతున్న ఒక సాయంత్రం బ్రేకుగారు గొడుగు పట్టుకుని భార్య కోసం కింద మెట్ల దగ్గర నిలబడ్డాడు. పైన కిటికీలు తెరిచి ఉన్నాయి. పదిహేను, ఇరవై గొంతులు కలిసి తన భయాన్ని తాళం వేసి పాడుతున్నాయి. అన్నిటి మీదుగా ఆయన భార్య గొంతు, ఆ గుంపులో అందరికన్నా గట్టిది, స్పష్టంగా వినిపిస్తోంది. గ్యాసు దాకా అలాగే వచ్చింది. "కట్టానా లేదా" దగ్గర కాస్త నిలదీసినట్టు కూడా అంది. "చిట్టీ" దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క గొంతూ ఆగిపోయింది. మిగతావాళ్లు పిలుస్తుంటే, ఆవిడ ఊరుకుని విన్నది. తన పేరు తనే ఎలా పిలుచుకుంటుంది?

ఆవిడ దిగి వచ్చింది. గొడుగు వైపు చూసింది.

"పెద్ద గొడుగు ఉండగా ఇది తెచ్చారేం?"

"ఇదే కనిపించింది."

"కనిపించేదేగా మీకు తెలిసేది. వంటింట్లో లైటు ఆర్పారా?"

బ్రేకుగారికి గుర్తు రాలేదు. ఆర్పే ఉంటానన్నాడు. ఆవిడ నడక వేగం పెంచింది. చిన్న గొడుగు కింద ఎవరి భుజం వాళ్లు తడుపుకుంటూ, మార్కెట్ వెనక సందులోంచి ఇద్దరూ గబగబా ఇంటిదారి పట్టారు.